చివరి బెంచీకి వినపడాలి

ఏమండీ,

నమస్కారం. ఇక్కడ ముగ్గురం కులాసా. అలా ఒక్క ముక్కలో రాస్తే మీరు నమ్మరు కాబట్టి విడివిడిగా రాస్తున్నాను. అత్తయ్యకు మోకాలి నొప్పి తగ్గింది, తగ్గిందని మాత్రం ఒప్పుకోవడం లేదు. మన ఇన్‌స్పెక్టరుకి, అదే మీ కూతురికి, జలుబు చేసి తగ్గిపోయింది. నేను బాగానే ఉన్నాను. మీరక్కడ వేళకి తింటున్నారనీ, కోత మిషను మీద కూర్చున్నంతసేపూ ముక్కుకి గుడ్డ కట్టుకుంటున్నారనీ అనుకుంటున్నాను. కట్టుకోరని తెలుసు. అయినా అనుకుంటున్నాను.

మీ ఉత్తరం విడిభాగాల వ్యాను డ్రైవరు మొన్న తెచ్చి ఇచ్చాడు. మళ్ళీ మీ వైపు వెళ్ళేటప్పుడు ఆగుతానన్నాడు, ఇది అతని చేతికే ఇస్తాను. ఫోనులో చెప్పొచ్చు కదా అంటారు. ఫోనులో మీ వెనక మిషను మోత, పక్కన మీ హెల్పరు దగ్గు. ఏం చెప్పినా "సరే సరే, తర్వాత మాట్లాడతా" అంటారు. కాగితం మీద ఉంటే పడుకునే ముందు మరోసారి చదువుతారు. ఈసారి మరోసారి చదవాల్సిన సంగతి ఉంది.

ముందు మీరడిగినవి. వెనక గది రేకు మార్పించాను. కొత్త రేకు ఎండకి టపటపమంటోంది. ఎవరో తలుపు కొడుతున్నారనుకుని అత్తయ్య "ఎవరూ?" అని కేకేస్తున్నారు. కుళాయి కారడం ఆగింది. మీ సైకిలు ఎవరికీ ఇవ్వలేదు. ఎదురింటాయన అడిగితే గాలి లేదన్నాను. పంపు ఉంది కదమ్మా అన్నాడు. పంపుకీ గాలి లేదన్నాను.

"సెలవుల్లో పిల్లని ఆ తైతక్కలకి పంపే బదులు లెక్కలకి పంపకూడదా?" అని రాశారు. లెక్కల మాస్టారు సెలవులకి వాళ్ళ అత్తగారి ఊరు వెళ్ళాడు. ఆయన ఉన్నా పంపేదాన్ని కాదు. మా బడిలో వేసవి నాటకం క్లాసులు పెట్టడం ఇదే మొదటిసారి. తెరలకీ దుస్తులకీ కుట్టు టీచరు కావాలని హెడ్మాస్టరు నన్ను వేశారు. అందుకని నేనూ రోజంతా అక్కడే. పిల్ల నా కళ్ళ ముందే ఉంటోంది.

"దానికేం వేషం ఇచ్చారు? చెట్టులాగా మూల నిలబెట్టలేదు కదా?" అని కూడా అడిగారు. నిలబెట్టలేదు. ఏం వేషమన్నది మాత్రం రాసుకుంటూ వస్తేగానీ అర్థం కాదు, కాస్త ఓపిక పట్టండి.

మా పెద్ద హాలు మీకు తెలుసు. బెంచీలన్నీ గోడలకి నెట్టేశారు. ఉన్న రెండు ఫ్యాన్లలో ఒకటి తిరుగుతుంది, రెండోది తిరుగుతానని బెదిరిస్తుంది. పొద్దున చిన్నపిల్లలు, ఎండ తగ్గాక హైస్కూలు పిల్లలు వచ్చేవాళ్ళు. ఇప్పుడు నాటకం దగ్గర పడింది గనక అందరినీ కలిపేశారు. డ్రామా టీచరు పట్నం నుంచి బస్సులో వస్తుంది. నాకన్నా చిన్నదే, మనిషి మాత్రం గట్టిది. మొదటి రోజు పిల్లల్ని నోరు తెరవనివ్వలేదు. నడవమంది. బరువు మోస్తున్నట్టు, చెప్పు తెగినట్టు, వెనక నుంచి ఎవరో చూస్తున్నట్టు. కిటికీ దగ్గర నిలబడ్డ తండ్రులు, "నడక మేం నేర్పి పంపిందే కదా, దీనికో క్లాసా?" అని నవ్వుకున్నారు.

తర్వాత గొంతు. ఆమె పట్టుదలంతా ఒక్కదాని మీదే. గుసగుస కూడా చివరి బెంచీకి వినపడాలి. అరవకూడదు, గుసగుసలాగే ఉండాలి, కానీ వినపడాలి. పొట్టలోంచి గాలి తీసి, పెదవుల దగ్గర మాటని గట్టిగా పట్టుకుని వదలమంటుంది. పదో తరగతి పిల్లవాడొకడున్నాడు, అందరూ 'మైకు' అంటారు. వాడు మెల్లగా మాట్లాడితే పక్క వీధివాళ్ళు పలుకుతారు. వాడి చేత గుసగుసలాడించడానికి ఆమె పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. "నాయనా, నీ రహస్యం నాకు చెప్పమన్నాను, ఊరికి కాదు" అంటుంది. "ఊరికి తెలియని రహస్యాలు మా ఇంట్లో లేవు టీచర్" అంటాడు వాడు.

ఒకరోజు ఆమె, "రేపు మీ ఇంట్లో విన్న మాట ఒకటి పట్టుకురండి" అంది. కల్పించకూడదు. ఎవరన్నారో చెప్పకూడదు. ఆ మాట ఎవరు, ఎవరితో, ఎక్కడ అంటారో మిగతావాళ్ళు ఊహించి ఆడి చూపించాలి.

మర్నాడు నేను స్టేజి వెనక కుట్టుమిషను ముందు కూర్చుని తెరకి అంచు వేస్తున్నాను. పాత దుప్పట్లు జోడించిన తెర అది. అటువైపు మాటలన్నీ వినపడుతున్నాయి. ఒకడు "ముందు తిను, తర్వాత ఏడుద్దువు గాని" తెచ్చాడు. ఒకమ్మాయి "మీ నాన్ననడుగు" అంటే ఇంకొకడు లేచి "మా ఇంట్లో మీ అమ్మనడుగు" అన్నాడు. ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి ఆడించింది. నేను మిషను ఆపి నవ్వుకున్నాను. "ఈ మాట బయట అనకు" అని ఒక చిన్నది చెప్పి, చెప్పాక నాలుక కరుచుకుంది.

తర్వాత మన పిల్ల వంతు. లేచి నిలబడి ఒక్క మాటే అంది. "లేపకు."

ఊహించే వంతు మైకుది. వాడు చేతిసంచి ఒకటి భుజాన వేసుకుని, ఒకమ్మాయిని అమ్మగా నిలబెట్టి, సంచి మీద చెయ్యి వేసి, ఆ పిల్లకి వేలు చూపిస్తూ "లేపకు!" అని గద్దించాడు. దొంగతనం చెయ్యకు అన్నట్టు. వాళ్ళ భాషలో లేపడమంటే అదే కదా. హాలంతా ఘొల్లుమంది. ఇంకొకడు పోలీసై పరుగెత్తుకొచ్చాడు. టీచరు కూడా నవ్వింది. నేనూ నవ్వాను.

మన పిల్ల నవ్వలేదు. నవ్వులు తగ్గేదాకా ఆగి, "సంచి కాదు, నన్ను" అంది.

అప్పుడు నా చెయ్యి మిషను చక్రం మీదే ఆగిపోయింది.

టీచరు ఇంకేమీ అడగకుండా చాప పరిపించింది. "నువ్వే చూపించు" అంది. మన పిల్ల మైకుని సంచితో తలుపు దగ్గర నిలబెట్టింది. తను చాప మీద పక్కకి తిరిగి పడుకుంది. "నువ్వు వెళ్ళబోతూ నా వైపు చూడాలి. అమ్మ నా దగ్గరికి వంగబోతుంది. అప్పుడు మెల్లగా అనాలి. అని వెళ్ళిపోవాలి" అని నేర్పింది. "మరి అమ్మేమంటుంది?" అని అమ్మ వేషం పిల్ల అడిగింది. "అమ్మ ఏమీ అనదు. గొళ్ళెం పెడుతుంది" అంది.

దానికి నాలుగేళ్ళప్పుడు మీ కాలు పట్టుకుని వదలకపోవడం, ఆ రోజు బస్సు తప్పిపోవడం మీకు గుర్తుండే ఉంటుంది. అప్పటినుంచే తెల్లవారకముందు బయల్దేరడం మొదలుపెట్టారు. మీ ఉద్దేశం మంచిదే. నాకూ మంచిదనే తోచింది. నిద్రపోతున్న పిల్లని వదిలి వెళ్తున్నారనే ఇద్దరం అనుకున్నాం.

ఇంటికి నడిచి వస్తుంటే దాన్ని అడిగాను. "ఎన్నాళ్ళ నుంచి మేలుకుంటున్నావే?"

"ఎప్పుడూ మేలుకునే ఉంటా."

"మరి కళ్ళు తెరవవేం?"

"తెరిస్తే నాన్నకి కష్టం కదా. నేను నిద్రపోతేనే ఆయన నిమ్మళంగా వెళ్తాడు." కొంచెం దూరం నడిచాక, "నేను బాగా చేస్తా కదమ్మా? నాన్న ఒక్కసారి కూడా పట్టుకోలేదు" అంది. గర్వంగానే అంది. బాగా చేస్తావన్నాను.

అది నిజం కూడానట. మెలకువగా ఉన్న మనిషి నిద్ర నటించడం చాలా కష్టమనీ, మూసిన రెప్పల కింద కనుగుడ్లు కదులుతూనే ఉంటాయనీ, ఈ పిల్లకి కదలవనీ టీచరు చెప్పింది. పిల్లలు తెచ్చిన మాటలన్నీ గుదిగుచ్చి నాటకం కట్టింది. అందులో చివరి ఘట్టం ఇదే. వేషమేమిటని అడిగారుగా, ఇదీ దాని వేషం. మన ఇంట్లో అది ఎప్పుడూ వేసేదే.

అయితే టీచరు నన్ను పక్కకి పిలిచి ఒక మాట అంది. "ఇది మీ ఇంటి సంగతి. అమ్మాయి తండ్రిని అడగండి. ఆయన సరేనంటేనే ఉంచుతాను. వద్దంటే తీసేస్తాను, అమ్మాయికి వేరే వేషం ఇస్తాను." మన పిల్ల వేరే వేషం వద్దంది. ఇది తీసేస్తే తను రానంది. దాని మొండితనం ఎక్కడి నుంచి వచ్చిందో నేను రాయనక్కర్లేదు.

ఇంట్లో అత్తయ్యకి తెలిసి మండిపడ్డారు. "వాడు ఊళ్ళు పట్టుకుని తిరిగి దుమ్ము తిని సంపాదిస్తుంటే, వాడు దొంగలాగా ఇంట్లోంచి వెళ్ళిపోతాడని నలుగురికీ చూపిస్తారా? వాడి పరువేం కాను?"

"దొంగలాగా అని ఎవరూ అనలేదు అత్తయ్యా."

"అనక్కర్లేదు, చూసినవాళ్ళే అనుకుంటారు. నువ్వు కుట్టే తెర నువ్వు కుట్టుకో. నా కొడుకుని అందులో కుట్టకు."

మర్నాడు మోకాలు నొప్పి సంగతి మరిచిపోయి నాతో పాటు బడికి బయల్దేరారు. ఆ టీచరమ్మతో తనే మాట్లాడి మాన్పిస్తానన్నారు. వెళ్ళేసరికి ఆ ఘట్టమే నడుస్తోంది. మాట్లాడటానికి వీల్లేక ముందు బెంచీలో కూర్చున్నారు. మన పిల్ల చాప మీద పడుకుంది. మైకు సంచి తగిలించుకుని టకటకా తలుపు దాకా నడిచాడు.

"ఆగరా అబ్బాయ్" అన్నారు అత్తయ్య, ఉన్నట్టుండి. "వాడలా వెళ్ళడు. చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్తాడు. గడప దాటాక తొడుక్కుంటాడు. గడప దగ్గర ఒక్క క్షణం ఆగుతాడు కూడా."

చాప మీద నుంచి మన పిల్ల ఒక కన్ను తెరిచింది. "నానమ్మా, నువ్వు పడుకుని ఉంటావుగా. నీకెలా తెలుసు?"

అత్తయ్య కొంగు సర్దుకున్నారు. "నువ్వొక్కదానివేనా పడుకునేది?" అన్నారు.

మైకు చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు. ఈసారి వాడు మాట మెల్లగానే అన్నాడు. నేను వెనకనుంచి విన్నాను. అత్తయ్య ఇక టీచరుతో ఏమీ మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక కూడా ఆ ఊసెత్తలేదు, వద్దనీ అనలేదు.

ఇక అసలు సంగతి. ఆ సాయంత్రం టీచరు బస్సుకి వెళ్తూ నా మిషను దగ్గర ఆగి, "మీవారు ఏమన్నారు?" అని అడిగింది. "సరేనన్నారు" అన్నాను. అబద్ధం. మిమ్మల్ని నేను అడగలేదు. అడిగితే వద్దంటారని భయపడి కాదు. అడిగితే "సరే సరే" అంటారు, ఏం వింటున్నారో తెలియకుండానే. లేదా "ఎందుకదంతా" అంటారు. రెండింట్లో ఏదన్నా ఆ పిల్ల మళ్ళీ కళ్ళు మూసుకోవలసిందే. అందుకని మీ తరఫున నేనే చెప్పేశాను. అది తప్పని మీకనిపిస్తే తిట్టండి, పడతాను. మాట మాత్రం వెనక్కి తీసుకోను.

నాటకం వచ్చే ఆదివారం సాయంత్రం. ఇది అంతకుముందే మీకందుతుంది. కోతల మధ్య రావడం కుదరదని తెలుసు. రాగలిగితే రండి, రాలేకపోతే ఆ ఘట్టం మీరు లేకుండానే జరుగుతుంది. దానిమీద నాకు రెండో ఆలోచన లేదు.

ఇంకొకటి కూడా ఇప్పుడే చెప్పేస్తున్నాను. మీరు బయల్దేరే వేళకి ఇంట్లో నిద్రపోతున్నవాళ్ళు ఎవరూ ఉండరు. ఇన్నాళ్ళూ మీరొక్కరే చప్పుడు కాకుండా నడిచారు. ఈసారి మీరు వచ్చి వెళ్ళేటప్పుడు నేను దీపం వేస్తాను. మీరు వద్దన్నా వేస్తాను. పిల్ల ఏడుస్తుందేమో, ఏడవనివ్వండి. అత్తయ్య ఏడుస్తారేమో కూడా. మీకూ వస్తే దాచుకోకండి. బస్సు తప్పితే తర్వాతి బస్సు ఉంది.

ఇంత చదివాక కూడా ఆ ఘట్టం తీసెయ్యాలనే మీకనిపిస్తే, ఆ మాట నాకు రాయకండి. దానికి రాయండి. పైన దాని పేరు పెట్టి, ఎందుకు వద్దంటున్నారో దానికి అర్థమయ్యేలా రాసి పంపండి. చదివి అది ఊరుకుంటే నేనూ ఊరుకుంటాను.

ఇట్లు,
తెరకి ఇంకా ఒక అంచు కుట్టవలసి ఉన్న
మీ ఇల్లాలు