బీమాతో వచ్చిన ట్రాక్టర్

నాయనా,

బతికున్నన్నాళ్లు నువ్వు కొందామంటూనే ఉన్న చిన్న ట్రాక్టర్, నువ్వు పోయినందుకు వచ్చిన రైతు బీమా డబ్బుతో నిన్న మన బత్తాయి తోటలోకి విచ్చేసింది. చచ్చాక నీ పరపతి బాగా పెరిగింది. అచ్చంపేటలో దొరికిన పాత బండి. కొమ్మలకు తగలకుండా చెట్ల మధ్య తిరుగుతుంది. ఇంజన్ ఆయిల్, బ్యాటరీ నేనే మార్చాను. నా డిగ్రీ చదువు ఇన్నాళ్లకు ధన్యమైంది.

ఇవాళ బానెట్ మీది రాతలు చెరపడానికి పెయింటర్‌ను పిలిపించాను. అమ్మ వచ్చి నిలబడింది.

"ఏం రాసుందిరా గాడ?"

"'నాన్న కానుక' అని. అమ్మినోనికి వాళ్ల నాయన కొనిచ్చిండట. మనకెందుకే అమ్మా, చెరిపిస్త."

"మరి నీకెవరు కొనిచ్చిండ్రురా?"

పెయింటర్ డబ్బాకు మూత పెట్టేశాడు. నేను బండి కిందికి దూరి, గట్టిగానే ఉన్న బోల్టులను మళ్లీ బిగిస్తూ ఉండిపోయాను.