పడమటి గోడవార పిల్లలు

రోడ్డు వెడల్పు పనుల ప్రత్యేక అధికారి వారి సముఖమునకు,
రాయగడ జిల్లా, గుడారి మీదుగా, పాతగూడ బజారువీధి కిరాణా వర్తకుడు పొట్నూరు మల్లేశ్వరరావు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మిషను చర్చి సమాధుల దొడ్డిలో పడమటి గోడవార స్థలమును ‘ఖాళీ’ అని వ్రాసి, వచ్చే సోమవారం తవ్వించబోవుట నిలుపుదల చేయుట గురించి.

తమరు పర్లాకిమిడిలో చదువుకున్నారనీ, తెలుగు కాగితం ఇచ్చినా చదువుతారనీ మీ ప్యూను మనోరంజన్ చెప్పినందున ధైర్యం చేసి తెలుగులో వ్రాయుచున్నాను. ఒడియా మాట్లాడమంటే సంతలో నేనెవరికీ తీసిపోను గాని, వ్రాయమంటే చెయ్యి సాగదు. తప్పులుంటే మన్నించవలెను.

1. సదరు చర్చిని తెల్లవాళ్ళ కాలంలో ఒక జర్మను దొర కట్టించినాడు. సాలూరు నుంచి తాపీవాళ్ళు వచ్చి కొండరాయీ గానుగసున్నమూ పెట్టి కట్టినారట. గోడలు ఎంత మందమంటే, ఎండాకాలం మా కొట్టుకు వచ్చిన బేరగాళ్ళు కూడా వెళ్ళి ఆ వరండాలోనే కూర్చుంటారు. కట్టిన కొద్ది రోజులకే మన్నెపు జ్వరం తగిలి దొర కూతురు పోయింది. దొడ్డిలో మొదటి సమాధి ఆ పిల్లదే. ఆ తరవాత దొరలు, దొరసానులు, వాళ్ళ వెంట వచ్చిన వంటవాడు. ఆ సమాధులను గౌరవంగా తూర్పువైపుకు మార్పిస్తామని తమరు నోటీసులో సెలవిచ్చినారు. సంతోషము.

2. నా అభ్యంతరం నోటీసులోని తరవాతి మాటకు. పడమటి గోడ పొడుగునా పది అడుగుల మేర ‘సమాధులు లేవు, ఖాళీ’ అని ఉన్నది. అది ఖాళీ కాదండి. అక్కడ మా బజారువీధి పిల్లలున్నారు.

3. మా ఆచారం తమరికి తెలియనిది కాదు. పెద్దవాళ్ళను కాలుస్తాము, పళ్ళు రాని పసివాళ్ళను పూడుస్తాము. పూర్వం ఏటి ఒడ్డున పూడ్చేవారు. మా నాయనమ్మ బుల్లమ్మకు తొలిచూలు బిడ్డ పోయిన వానాకాలం వంశధార పొంగి ఒడ్డంతా మునిగిపోయింది. బిడ్డను గుడ్డలో చుట్టుకొని, ఎటు పోవాలో తెలియక మా తాత చర్చి గోడ పక్కన తడుస్తూ నిలబడిపోయినాడట. దొర ఆ గోడకున్న చిన్నతలుపు తీసి, "ఆణ, ఆణ" అన్నాడట, తీసుకురమ్మని ఒడియాలో. ఈ మాట చెప్పినప్పుడల్లా మా నాయనమ్మ, "ఆడికీ ఓ పిల్ల పోనాది గదరా, ఆడికి తెలీదేటి?" అనేది.

అప్పటినుంచి అది మాకు అలవాటైపోయింది. వీధిలో ఏ ఇంట పసిబిడ్డ పోయినా ఆ చిన్నతలుపు తీసేవారు. ఏ దొరా, ఆ తరవాత వచ్చిన ఏ పాస్టరూ కాదనలేదు. మా మతంలోకి రండని కూడా అడగలేదు.

4. ఆనవాలు చూపమని మీ గుమాస్తా రాజ్‌కుమార్ గారు అడిగినారు. ఎక్కడినుంచి తెమ్మంటారు? మా వాళ్ళు పసివాళ్ళ మీద రాయి పెట్టరు, మొక్క నాటరు. పూడ్చి వచ్చేటప్పుడు వెనుదిరిగి చూడరు. చూస్తే ఆ బిడ్డ మళ్ళీ అదే కడుపున పుట్టదని నమ్మకం. ఆడవాళ్ళు అటు వెళ్ళకూడదు. కన్నతల్లికి చోటు చెప్పనే కూడదు. ఇవన్నీ మేము పెట్టుకున్న కట్టుబాట్లే. వీటివల్ల ఏదో ఒకనాడు గవర్నమెంటు లెక్కలో మా పిల్లలు అసలు లేనేలేరని తేలుతుందని మా తాతలకేం తెలుసు?

5. ఇక నా సంగతి. నాలుగేళ్ళ కిందట నా భార్య బిందుశ్రీకి ఆడపిల్ల పుట్టింది. పసికామెర్లు ముదిరి, నామకరణం కాకుండానే పోయింది. నేనే తీసుకెళ్ళినాను. చర్చి పాస్టరు గొమాంగో గారు పలుగూ పారా ఇచ్చి, తానూ ఒక చెయ్యి వేసినారు. ఆ గోడకు మధ్యమధ్య రాతి స్తంభాలున్నవి. చిన్నతలుపు దాటినాక మూడో స్తంభం మొదట్లో పూడ్చినాను. నాకు బాగా తెలుసు.

ఇదంతా చెప్పి జాబితాలో వ్రాయించబోతే, రాజ్‌కుమార్ గారు కంప్యూటరు ముందు కూర్చొని, "పిలా నాఁ కణ?" అన్నారు. పిల్ల పేరేమిటని.

"పేరింకా ఎట్టలేదండి" అన్నాను.

"పేరు లేకపోతే ఎంట్రీ అవదు బాబూ, సిస్టం తీసుకోదు" అన్నారు.

వారి జాబితా నేను కళ్ళారా చూసినాను. అందులో దొరగారి కుక్క ఉంది. దానికి రాయి ఉంది, రాతి మీద పేరు ఉంది, కాబట్టి దాన్ని గౌరవంగా మార్పిస్తారట. కుక్క మీద నాకు కోపం లేదు. మంచి కుక్కే అయ్యుంటుంది. కానీ తమరే చెప్పండి అయ్యా, నా కూతురు ఆ కుక్కపాటి చెయ్యదా? జేసీబీ వాడు నా పిల్లను ఎత్తి కంకరలో కలిపేస్తే, ఆ రోడ్డు మీద లారీ ఆపించుకొని నేను బియ్యం బస్తాలు దింపించుకోవాలా? పొద్దున్నే ఆ మట్టి మీద నీళ్ళు చల్లుకొని కొట్టు తెరుచుకోవాలా? ఏం మనుషులండీ మీరు!

క్షమించవలెను. కోపం పట్టలేకపోయినాను. కొట్టివేసి మళ్ళీ వ్రాయుటకు వేరే కాగితం లేదు.

6. సాక్ష్యం కావలెనంటే గొమాంగో పాస్టరు గారు వచ్చి నోటితో చెబుతారు. ఈస్టరు నాడు తెల్లవారుతుండగా చర్చివాళ్ళు తమవాళ్ళ సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించుకుంటారు. అవయ్యాక పడమటి గోడవార ఉత్త నేల మీద కూడా వరసగా పెట్టి పోతారు. వాళ్ళ పిల్లలెవరూ అక్కడ లేరు. అయినా పెడతారు.

గావున తమరు దయయుంచి ఆ మేర రోడ్డును అవతలి పక్కకు జరిపించవలెను. అవతల ఉన్నవి మా కొట్లే. మా కొట్టు అరుగూ, ముందరి రేకుల పందిరీ తీసేసుకోండి, నేను పల్లెత్తు మాట అనను. వీధివాళ్ళతో నేను మాట్లాడుకుంటాను. అది వీలుపడనిచో, కనీసం మూడో స్తంభం దగ్గర నా చేత్తో నేను తవ్వుకొని నా బిడ్డను తీసుకొనుటకు ఒక్క పూట గడువు ఇప్పించవలెను.

ఇంతవరకు ఓపికతో చిత్తగించినందుకు దండాలు పెట్టుకొనుచు, ఉత్తర్వు కోసం కాచుకొని ఉన్న

తమ విధేయుడు,
పొట్నూరు మల్లేశ్వరరావు

తా.క.: అయ్యా, సంతకం పెట్టాక ఈ కాగితం మా ఆవిడ చదివింది. చదివి, బల్ల మీద పెట్టి, చెప్పులేసుకుంది. "పదండి, సూపించండి" అంది. మా అమ్మ తవిటమ్మ గుమ్మానికి అడ్డం నిలబడి, "ఆడోళ్ళు ఎల్లకూడదే అమ్మీ" అంది.

"నాలుగేళ్ళు ఎల్లలేదు గదత్తా. మళ్ళీ పుట్టిందేటి?" అంది మా ఆవిడ. మా అమ్మ పక్కకు తప్పుకుంది.

తీసుకెళ్ళాను. మూడో స్తంభం దగ్గర నిలబడ్డాను. అది కాదేమో అనిపించింది. తలుపు పక్కదాన్ని కలుపుకొని లెక్కపెట్టానో, వదిలేశానో గుర్తు రాలేదు. ఆ రోజు వాన. తల వంచుకొని వెళ్ళాను, తల వంచుకొని వచ్చాను, వెనక్కి చూడొద్దన్నారని చూడలేదు. ఇక్కడన్నాను. కాదు, అక్కడన్నాను. ఆఖరికి "నాకు తెలీట్లేదే" అని నడివీధికి వినబడేలా ఏడ్చేశాను.

ఆవిడ ఏడవలేదు. గోడ ఈ మూలనుంచి ఆ మూలదాకా ఒకసారి నడిచి వచ్చింది. "అయితే ఇదంతా దానిదే. ఒక్క మట్టిబెడ్డ కదపనివ్వను" అని కింద కూర్చుండిపోయింది.

కాబట్టి నా రెండో కోరిక కొట్టివేయవలెను. తవ్వి తీసుకోవడానికి నాకు చోటు తెలియదు. సోమవారం జేసీబీ తోలే అబ్బాయికి మాత్రం ముందే చెప్పి పంపండి, గోడవార ఆవిడ కూర్చుని ఉంటుంది, పక్కన నేనుంటాను.