నువ్వు తప్పు పెట్టిన బిట్టు

అన్నా,

నువ్వు పోయి ఇవాల్టికి మూడేళ్లు. నీ కూతురు శ్రావణి ఎంట్రన్స్‌కు చదువుతోంది. నువ్వు ఫిల్మ్‌నగర్‌లో లైట్‌మన్‌గా చేస్తూ, షాట్‌కూ షాట్‌కూ మధ్య బిట్లు చేసిన ఫిజిక్స్ పుస్తకమే పట్టుకుంది. ముందు తప్పు జవాబులన్నీ కొట్టేసి, మిగిలినదానికి టిక్కు పెట్టే నీ పద్ధతే దానిదీ.

పొద్దున ఒక బిట్టు దగ్గర దాని పెన్సిల్ ఆగింది. పైకి విసిరిన బంతికి గరిష్ఠ ఎత్తులో త్వరణం ఎంత? నువ్వు సున్నాకు టిక్కు పెట్టావు.

“బాబాయ్, నాన్న గీడ తప్పు పెట్టిండు. బంతి ఆగుతది గానీ భూమి గుంజుడు ఆగదు కదా,” అంది.

పరీక్షలోనైతే నీకు మార్కు పోయేది.

నువ్వు కొట్టేసిన సరైన జవాబుకు అది టిక్కు పెట్టింది. నీ సున్నాను మాత్రం కొట్టెయ్యలేదు.

నీ తమ్ముడు