పెద్దావిడ తాగుడు

1వ తేదీ, సోమవారం. ఉదయం 6:10

లేచాను! అలారం కంటే ముందే!

ఈ రోజు నుంచి నెల పాటు, ఆయిల్ చూడకుండా కారు తాళం తిప్పను. ఇది ప్రతిజ్ఞ. సాక్షి మా ఆవిడ. నవ్వింది గానీ, నవ్వినా సాక్షి సాక్షే.

రేపు ఈ డైరీ ఎవరైనా చదివితే అర్థం కావాలి కాబట్టి సంగతి రాస్తున్నాను. మామగారు పోయాక ఆయన కారూ, అత్తయ్యగారూ ఒకే రోజు మా ఇంటికి చేరారు. అత్తయ్యగారు ఏదీ అడగరు. కారు ఆయిల్ అడుగుతుంది. పోయిన వారం ఆయిల్ తగ్గిందని ఎర్ర లైటు వెలిగింది. వెనకాల నీలం పొగ. మెకానిక్ బానెట్ ఎత్తి పెదవి విరిచాడు.

"లోపల రింగులు అరిగి ఆయిల్ పొగైపోతోంది సార్. ఇంజన్ విప్పితే బండి ఖరీదు దాటుతుంది. తగ్గినప్పుడల్లా ఆయిల్ పోసుకుంటూ తిరగండి. చూడకుండా నడిపారో, ఇంజన్ పట్టేస్తుంది. ఇక తుక్కు కిందే."

మా ఆవిడ అంది: "మా నాన్న చేతిలో ఈ కారు చుక్క తాగేది కాదు. రోజూ పొద్దున్నే చూసుకునేవారు. మీ వల్ల కాదు గానీ, అమ్మేద్దాం."

అత్తయ్యగారు కిందికి వెళ్ళి కారు ముందు సీట్లో కాసేపు కూర్చుని వచ్చారు. ప్రతి ఆదివారం అలాగే కూర్చుంటారు, ఎక్కడికీ వెళ్ళకుండా. అది చూశాక కారు అమ్మడానికి నాకు మనసొప్పలేదు. అందుకే ఒప్పందం: నెలలో మళ్ళీ ఎర్ర లైటు వెలగకపోతే కారు ఉంటుంది. వెలిగితే పోతుంది.

కొన్నవి: పెద్ద ఆయిల్ డబ్బా. గరాటు. చేతి తొడుగులు. నుదుటికి కట్టుకునే లైటు. లైటు ఎందుకో తెలీదు. బాగుంది.

2వ తేదీ, మంగళవారం

ఆయిల్ కొలిచే గేజు పుల్ల లాగాను. తుడిచాను. మళ్ళీ దింపి లాగాను. రెండు గీతల మధ్య ఉండాల్సిన ఆయిల్ కింది గీత దగ్గర ఉంది. పావు లీటరు పోశాను. గటగటా తాగింది. కారుకి పేరు పెట్టాను: పెద్దావిడ!

3వ తేదీ, బుధవారం

మళ్ళీ కొంచెం పోశాను. అత్తయ్యగారు బాల్కనీలోంచి చూస్తున్నారు. నుదుటి లైటు వెలిగించాను. పట్టపగలే.

4వ తేదీ, గురువారం

వాన. బానెట్ ఎత్తితే ఇంజన్ తడుస్తుంది. "కారు వానలో తిరిగేదే కదండీ" అంది మా ఆవిడ. అయినా ఎత్తలేదు.

6వ తేదీ, శనివారం

కొత్త చొక్కా. తెల్లది.

8వ తేదీ, సోమవారం

పొద్దున చూడటం కన్నా సాయంత్రం చూడటం శాస్త్రీయం అనిపించింది. సాయంత్రం అలసిపోయాను.

10వ తేదీ, బుధవారం

భయపడుతూ గేజు లాగాను. ఆయిల్ పై గీత దగ్గర ఉంది!! వారం నుంచి నేను చుక్క పోయలేదు. పెద్దావిడ చుక్క తాగలేదు. నా చేతి చలవ! మామగారికి మాత్రం రోజూ చూడాల్సి వచ్చేది. నాకు రెండు రోజులు చాలింది.

13వ తేదీ, శనివారం

మళ్ళీ పై గీతే. ఇక రోజూ చూస్తే అనుమానించినట్టుంటుంది.

రెండు చిన్న సంగతులు. ఒకటి, ఆయిల్ డబ్బా సగం ఖాళీ. ఆయిల్ ఆవిరవుతుందా? కనుక్కోవాలి. రెండు, అత్తయ్యగారు పొద్దున్నే పార్కుకి నడకకి వెళ్ళి చీర కొంగుకి నల్ల మరకలు చేసుకొస్తున్నారట. బెంచీలకి రంగు వేస్తున్నారేమోనని మా ఆవిడతో అన్నాను. నాకు ఇలాంటివి ఇట్టే తడతాయి.

16వ తేదీ, మంగళవారం

ఆఫీసు నుంచి మెకానిక్‌కి ఫోన్ చేసి శుభవార్త చెప్పాను. "పెద్దావిడ పూర్తిగా మానేసింది! ఇదివరకు పొద్దున్నే పావు లీటరు పడితే గానీ కదిలేది కాదా, ఇప్పుడు చుక్క ముట్టడం లేదు. పొగ కూడా తగ్గింది."

పక్క సీటులో క్యాషియర్ కలం కింద పెట్టి నా భుజం మీద చెయ్యి వేశాడు. "ధైర్యంగా ఉండండి" అన్నాడు. ఆయనదీ పాత కారే. పాపం, బాధ తెలిసిన మనిషి అనుకున్నాను.

19వ తేదీ, శుక్రవారం

కొంప మునిగింది.

క్యాషియర్ భార్య పార్కులో అత్తయ్యగారి రెండు చేతులూ పట్టుకుందట. "మానేశారట కదా, చాలా మంచి పని చేశారు. మళ్ళీ మనసు లాగితే నాకు ఫోన్ చేయండి" అందట.

"ఏం బాబూ, నేను తాగుతానని ఆఫీసులో చెప్పారా?"

"అయ్యో, పెద్దావిడంటే మీరు కాదు అత్తయ్యగారూ! కారు!"

"ఈ ఇంట్లో పెద్దావిడ ఎవరు?"

నేను చెప్పులు వెతుక్కోసాగాను.

"పైగా 'మానేసింది' అన్నారట. 'మానేశారు' అనడానికి నోరు రాలేదా?"

తాగుడు కంటే ఆ మాటే ఆవిడని ఎక్కువ పొడిచింది. సాయంత్రం బస్సుకి చిన్న కూతురింటికి వెళ్ళిపోయారు. వెళ్తూ కారు దగ్గర ఆగి "జాగ్రత్త" అన్నారు. నాతోనో కారుతోనో తెలీలేదు.

22వ తేదీ, సోమవారం

ఇంట్లో మాటల్లేవు. ఇలాంటప్పుడు ఆయిలేం చూస్తాం! అయినా మానేసింది కదా.

25వ తేదీ, గురువారం

ఎర్ర లైటు. బల్బు పాడైందన్నాను. మా ఆవిడ నా వైపు చూసింది, లైటు వైపు చూసింది, మళ్ళీ నా వైపు చూసింది. అంతలో ఇంజన్లోంచి టకటక. నడిరోడ్డు మీద ఆపాను. గేజు లాగితే కొస కూడా తడవలేదు.

మెకానిక్ వచ్చి ఆయిల్ పోసి ఇంటికి చేర్చాడు. "ఇంకాస్త దూరం నడిపుంటే అయిపోయేది సార్. మానేసిందన్నారుగా?"

"మా నాన్న అయితే" అని మా ఆవిడ మొదలుపెట్టింది. మధ్యలో ఆపేసింది. తిట్టి ఉంటే బాగుండేది. కొనేవాడు శనివారం వస్తాడట. వాళ్ళమ్మకీ ఫోన్ చేసి చెప్పేసింది.

నాకు ఏడుపొచ్చింది. కారు పోతున్నందుకు కాదు. ఆదివారం ఆవిడ ఎక్కడ కూర్చుంటారు?

27వ తేదీ, శనివారం

పొద్దున్నే సంచీతో అత్తయ్యగారు దిగారు. మేడ ఎక్కలేదు. తిన్నగా కారెక్కి ముందు సీట్లో కూర్చున్నారు.

కొనేవాడు వచ్చాడు. చుట్టూ తిరిగాడు, టైర్లు తన్నాడు. "ఆయిల్ తాగుతుందా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే లోపలి నుంచి జవాబు వచ్చింది.

"తాగుతుంది బాబూ. ఇద్దరం తాగుతాం. మా అల్లుడుగారు ఆఫీసులో అందరికీ చెప్పారు."

అతను రాని ఫోన్ ఎత్తి మాట్లాడుకుంటూ వెళ్ళిపోయాడు. మా ఆవిడ కోప్పడబోయి నవ్వు ఆపుకోలేక మేడ మీదికి పరిగెత్తింది.

అత్తయ్యగారు దిగి బానెట్ ఎత్తారు. గేజు లాగారు. చీర కొంగుతో తుడిచారు. బెంచీల రంగు ఎక్కడిదో నాకు అప్పుడు వెలిగింది.

"మీరా అత్తయ్యగారూ?"

"మీరు రెండు రోజులు పోశారు, మూడో రోజు వాన. తర్వాత నుంచి నేనే."

"మామగారు రోజూ చూసుకునేవారట కదా, నేనే..."

"ఆయనా రెండు రోజులే బాబూ."

గరాటు పెట్టి నింపాదిగా పోస్తున్నారు. ఒక్క చుక్క బయట పడలేదు.

"'నా బండి చుక్క తాగదు' అని కనబడిన వాళ్ళందరికీ చెప్పుకునేవారు. చెప్పేటప్పుడు మొహం వెలిగిపోయేది. ఎలా కాదనను? ఆయన లేవకముందే పోసి వచ్చేదాన్ని. చివరిదాకా ఆయనకి తెలీదు." గేజు మళ్ళీ తుడిచారు, తుడవాల్సింది ఏమీ లేకపోయినా. "అమ్మాయికి చెప్పకండి. నాన్నంటే దానికి ప్రాణం."

చెప్పనని మాటిచ్చాను. "మా నాన్న అయితే" అన్నప్పుడల్లా ఇక జీవితాంతం తల ఊపాలి. ఇంత పెద్ద ఆయుధం చేతికొచ్చి వాడకూడదంటే నాలాంటివాడికి చిన్న శిక్ష కాదు.

28వ తేదీ, ఆదివారం. ఉదయం 5:40

లేచాను! (అత్తయ్యగారు తలుపు కొట్టారు.)

ఒప్పందం ప్రకారం కారు పోవాలి. "అమ్మ ఇలా మాట్లాడి ఎన్నాళ్ళయిందో" అంది మా ఆవిడ. "ఇంకో నెల చూద్దాం. కానీ మా నాన్న అయితే..."

"అవును. అచ్చం మామగారిలాగే చూసుకుంటాను" అన్నాను.

కాఫీ తాగుతున్న అత్తయ్యగారికి పొలమారింది.

కొత్త ప్రతిజ్ఞ, మొదటి రోజు. గేజు లాగడం నా పని, సరిగ్గా లాగానా లేదా చూడటం ఆవిడ పని. నుదుటి లైటు తీసేయమన్నారు. పెద్దావిడ పావు లీటరు తాగారు.

రేపు వాన పడేలా ఉంది. గొడుగు నేను పట్టుకుంటాను.