చెవి అంచు రంగు

మండవల్లి, 1934
మాఘమాసం, శుక్రవారం రాత్రి

ఇవాళ అత్తగారు గూడెం నుంచి మనవరాలిని చూడడానికి వచ్చారు. నెల పిల్లను ఒళ్లోకి తీసుకుని ముద్దయినా పెట్టుకోలేదు. చెవి అంచు మడిచి కిటికీ వెలుగులో చూశారు. పెద్దయ్యాక వచ్చే రంగు అక్కడే తెలుస్తుందట.

"నలుపేనండీ వదినగారూ! నలుగు గట్టిగా పెట్టండి. రంగు తేలాకే తల్లీపిల్లల్ని పంపుదురుగాని," అన్నారు.

అమ్మ "అలాగేనండీ" అంది.

సాయంత్రం అమ్మ సున్నిపిండితో రుద్దిన రుద్దుడుకి పిల్ల ఒళ్లంతా కందిపోయింది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. "రంగు తిరుగుతోందే అమ్మాయ్!" అని అమ్మ సంబరపడింది. నేను ఆపలేదు. తిరగకపోతే మమ్మల్ని తీసుకెళ్లరేమో...

ఇందాక దీపం దగ్గరికి జరిపి, ఆ చెవి నేనూ మడిచి చూశాను. నా చెయ్యి తగలగానే పిల్ల నిద్రలోనే ఉలిక్కిపడింది.