కిటికీ తీసి పడుకోండి

ఏమండీ,

నమస్కారాలు. అత్తయ్యగారు, అమ్మాయి, నేను కులాసా. పోయిన ఉత్తరంలోనూ ఇదే ముక్క రాశాను గానీ అప్పుడది అబద్ధం, ఇప్పుడు నిజం. ఆ సంగతికి వస్తాను. కుదురుగా కూర్చుని రాయలేకపోతున్నాను, అక్షరాలు వంకర పోతే ఏమీ అనుకోకండి.

మీరు అడిగినవాటికి ముందు జవాబులు. కరెంటు బిల్లు బాగా తగ్గింది. ఏసీ కాసేపు వేసి ఆపినా గది చల్లగానే ఉంటోంది. కోల్డ్ స్టోరేజీలు కట్టే చేత్తో మీరు సెలవులో తలుపులకు రబ్బరు పట్టీలు వేసి, కిటికీల చుట్టూ ఫోమ్ కొట్టి, బాత్రూం వెంటిలేటర్ కూడా మూసేశారు కదా. వచ్చినవాళ్లందరి ముందూ తలుపు వేసి చూపించి మురిసిపోయాను. కూరగాయలు నిలవ ఉండే గదిలో మనుషులు ఉండగలరా అని మనిద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

అత్తయ్యగారి దగ్గు తగ్గింది. ఇదివరకు ఏది వేయించినా ఆ పొగ సాయంత్రం దాకా ఇంట్లోనే తిరిగేది. "ఏం బిగించాడే వాడు! లోపలికొచ్చిన దోమకి కూడా బయటికి దారి లేదు" అని ఆవిడ సణుగుడు. అమ్మాయి తలనొప్పి అంటే చదువు ఎగ్గొట్టే వేషాలని కసిరాను. కళ్లజోడు కూడా మార్పించాను.

ఇక, మీ కొండమీద ఫోన్ అందదు కదా, నేను కింద ఆఫీసులో ఉండే మీ సూపర్‌వైజరుకు ఫోన్ చేసి కిటికీలు తీయించమన్నానని మీ గదిలో అందరూ నవ్వారని రాశారు. ఎందుకలా చేశావని అడిగారు. చెబుతాను.

అమ్మాయి బాత్రూంలో పడిపోయిందండీ. గ్యాస్ గీజరు వేసుకుని స్నానానికి వెళ్లింది. నీళ్ల చప్పుడు ఆగలేదు, పిలిస్తే పలకలేదు. అత్తయ్యగారూ నేనూ గడియ ఊడేదాకా తలుపు తోశాం. పిల్ల గోడవారగా ఒరిగిపోయి ఉంది. "గాలాడని చోట గ్యాస్ మండితే విషవాయువు పుడుతుందమ్మా. వాసన కూడా రాదు. ఇంకాస్త ఆలస్యమైతే..." అని డాక్టరమ్మ అక్కడితో ఆపేసింది. ఇప్పుడు పూర్తిగా తేరుకుంది, మళ్లీ నాతో పోట్లాడుతోంది. గీజరును బయటి గోడకు మార్పించాను. వెంటిలేటర్‌కు మీరు వేసిన బిగింపు నా చేత్తోనే పీకేశాను. వంటింటి కిటికీ ఇప్పుడు తెరిచే ఉంటోంది.

ఎంత ప్రేమగా బిగించారో ఎరుగుదును. తెలిస్తే మిమ్మల్ని మీరే తిట్టుకుంటారని దాచాను. కానీ ఆ కొండమీది గదికి కూడా చీమ దూరే సందు లేకుండా పట్టీలు వేశాననీ, గ్యాస్ హీటరు పెట్టుకుంటే వెచ్చగా ఉందనీ, పొద్దున లేచేసరికి తల దిమ్ముగా ఉంటోందనీ రాశారు చూడండి, అప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. ఇవాళ మళ్లీ సూపర్‌వైజరుకు ఫోన్ చేసి కారణం కూడా చెప్పాను. "చెప్తాలేమ్మా" అన్నాడు. ఆ 'లే' నాకు నచ్చలేదు.

అందుకే మీ పనిచోటుకి సామాను తెచ్చే లారీ డ్రైవరుకు ఈ ఉత్తరంతోపాటు అమ్మాయి దుప్పటి ఇచ్చి పంపుతున్నాను. "హీటరు ఆపేస్తే నాన్నకి చలేస్తుంది కదమ్మా" అని తనే మడతపెట్టి ఇచ్చింది. హీటరు ఆపండి, కిటికీ తీయండి, ఆ తర్వాత కప్పుకోండి. కిటికీ తీయడం కళ్లారా చూశాకే కదలమని డ్రైవరుకు ఒట్టు వేయించాను. కిందికి దిగగానే నాకు ఫోన్ చేస్తాడు. పాపం, మీ గుమ్మంలోనే నిలబడి ఉంటాడు. లేవండి.

ఇట్లు,
ఆ ఫోన్ వచ్చేదాకా కూర్చోలేని
మీ ఇల్లాలు