పాకితెంగ్ అన్న పిలుపు

జూలై 6
పాలు పితికాను. నీళ్లు నాలుగు డబ్బాలు. అతిథి గది గోడకు పేడ మెత్తాను, దుప్పట్లు ఉతికాను.
మధ్యాహ్నం హాలండ్ నుంచి ఆనెక అనే టూరిస్టు దిగింది. మా దేశం రావడం ఇదే మొదలట. దోమతెరలోకి పాము దూరదు కదా అని మూడుసార్లు అడిగింది. సింహాన్ని చూడకుండా పోనంది. మా ఆయన, పర్సలోయి, మారా అడవి పార్కులో గైడు. సింహాలు నేను గీసిన గీత దాటవు తల్లీ అన్నాడు. ముందు పెళ్లాన్ని ఆపు చూద్దాం అంది అత్త.

జూలై 8
రెండు రోజులు మారా అంతా తిరిగారు. జిరాఫీలు, ఏనుగులు. సింహం లేదు. ఆనెక మొక్కజొన్న ఉగాలి ముద్ద ముట్టలేదు. మా ఆయన ముఖం మాడింది.

జూలై 9
ఎర్రావు లేదు.
నా కూతురు పుట్టినప్పుడు దాని మేనమామ ఇచ్చిన ఆవు. ఈ మందలో నాదంటూ ఉన్నది అదొక్కటే. నెలలో ఈనేది. ముళ్లకంచె ఎక్కడా చెదరలేదు. వాగు ఒడ్డున కొమ్ములు దొరికాయి.
సింహాలకు కూడా నీ పుట్టింటి సరుకే రుచించిందే కోడలా అంది అత్త. మా ఆయన ఊరుకోవే అమ్మా అన్నాడు.
తెల్లవారుజామున ఆనెక సింహాన్ని చూసిందట. ఆనందంతో ఏడ్చిందట.

జూలై 10, ఉదయం ఏడు
టీ పోస్తుంటే ఆనెక మా ఆయన్ని పాకితెంగ్ అని పిలిచింది.
ఆవును ఇచ్చినవాడు, పుచ్చుకున్నవాడు ఒకరినొకరు పిలుచుకునే మాట అది. ఇంకెవరూ అనరు. మా మందలో తగ్గింది ఒక్క ఆవే.
ఎవరు నేర్పారమ్మా అని అడిగాను. దాచలేదు. మా ఆయనే ఆవును వాగు దగ్గర కట్టేసి, ఇది నీకే, ఇక మనం పాకితెంగ్‌లం అన్నాడట. ఎంత గొప్ప ఆచారమో అంది. కట్టిన తాడు, సింహం, అన్నీ ఫోటో తీసిందట.
మా ఆయన టీ కప్పు కింద పెట్టి బయటికి నడిచాడు.

అదే రోజు, రాత్రి పది
ఆనెక పెట్టె సర్దుకుంటుంటే సాయం చేశాను. రేపు వెళ్లేటప్పుడు పార్కు గేటు దగ్గర వార్డెన్ గారుంటారు, ఈ ముచ్చట ఆయనకు చెప్పు, ఫోటోలు చూపించు అన్నాను. తప్పకుండా అంటూ నన్ను కౌగిలించుకుంది. సింహానికి ఎర కట్టిన గైడుకు ఏమవుతుందో ఇక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు. ఆమెకు తెలియదు.

జూలై 11
మా ఆయన గేటు నుంచి నడిచి వచ్చాడు. గైడు లైసెన్సు పోయింది. ఇక ఏ పార్కులోకీ రానివ్వరట.
ఎర్రావు బాకీ చెల్లు.